పెట్టె మీద కూర్చున్న మేస్త్రీ

ఈ రోజుల్లో కారు ఆగిపోయిందని చెప్పీ చెప్పకముందే పానా పట్టుకుని మీద పడే మెకానిక్కులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అని ఒక్క ముక్క అడగరు. ముందు విప్పేస్తారు. మళ్ళీ బిగించాక నాలుగు నట్లు మిగిలితే, తయారుచేసినవాడే ఎక్కువ పెట్టాడని మనకే చెబుతారు. విప్పడానికేముంది, కోతి కూడా విప్పుతుంది. విప్పక్కర్లేదని చెప్పడానికి తెలివి కావాలి, దానికి మించి గుండె కావాలి. ఆ రెండూ ఉన్న మనిషిని నేను అరవైల చివర్లో గజపతినగరంలో చూశాను. చూసింది ఒక్క మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నం లేకపోతే నేను జీవితమంతా స్టీరింగు పట్టుకుని బతికి ఉండేవాణ్ణి కాదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారం చేసే ఒక షావుకారు దగ్గర డ్రైవరుగా కుదిరి ఎనిమిది నెలలైంది. మాది సముద్రానికి దూరంగా వరి, చోడి పండించుకునే కుటుంబం. మా నాన్న నాగలి పట్టమంటే నేను లారీ పట్టుకుని వేలాడాను. రెండేళ్ళు తిట్లు తిని, గ్రీజు పూసుకుని డ్రైవింగు నేర్చుకున్నాను. ఇల్లు వదిలిన రోజున మా నాన్న వాకిట్లో నిలబడి, "ఎద్దుల్ని తోలనేనోడు మోటారు తోల్తాడంట. ఎన్నాల్లు తోల్తాడో సూద్దాం," అన్నాడు. పక్కనున్న మా బావలిద్దరూ పళ్ళికిలించారు. ఆ ఉద్యోగం పోగొట్టుకుని ఆ వాకిట్లోకి తిరిగి వెళ్ళడమంటే నాకు చావుతో సమానం.

షావుకారు గట్టి మనిషి. చిన్నప్పుడు తనే పడవెక్కి వేటకు పోయినవాడు. తరువాత ఎండుచేపలు కొని, లారీల మీద రాయగడ దాకా పంపే స్థాయికి వచ్చాడు. ఒక జమీందారీ ఇంటివాళ్ళు వదిలించుకున్న పాత విదేశీ కారును ముచ్చటపడి కొన్నాడు. ఆ కారు మొత్తంలో ఆయనకు ప్రాణం ఒక్కచోటే ఉండేది, పెట్రోలు టాంకు మూతలో. ఇత్తడి మూత, మీద వెండిలా మెరిసే పూత, అంచుకు నగిషీ. రోజూ పొద్దున్నే కండువా కొసతో దాన్ని తుడిచాకే కారెక్కేవాడు. మేం మాత్రం లోపల ఎండు నెత్తళ్ళ వాసనలో కూర్చునే వెళ్ళేవాళ్ళం, దానికేం లోటు లేదు.

ఆ మూతను నేను పోగొట్టాను.

శ్రీకాకుళం బంకులో పెట్రోలు పోయించుకుంటుంటే ఒక బస్సు డ్రైవరు నా వెనక నిలబడి హారను మోగించాడు. నాకు అప్పుడూ కోపమెక్కువే. మూత కారు పైకప్పు మీద పెట్టి వాడితో తగువేసుకున్నాను. నాలుగు అన్నాను, నాలుగు పడ్డాను, ఆ ఊపులోనే బండెక్కి వచ్చేశాను. ఊళ్ళోకి వచ్చి చూస్తే మూత లేదు. మర్నాడు, ఆ మర్నాడు షావుకారుకు కారు పని లేకపోవడంతో ఏదో వంక పెట్టి సైకిలు మీద రోడ్డుకు రెండు పక్కలా తుప్పలన్నీ వెతికాను. దొరకలేదు. షావుకారుకు చెబుదామని రెండుసార్లు ఆయన ముందు నిలబడి, రెండుసార్లూ నోరు పెగలక, "రేపు ఎన్నింటికి బాబూ?" అని అడిగి వచ్చేశాను.

ఒడ్డున పడవలు చేసే ముసలి వడ్రంగి ఒకాయన ఉండేవాడు. నేను మావా అని పిలిచేవాణ్ణి. ఆయన దగ్గరికి వెళ్ళి టాంకు గొట్టం కొలత చూపించి మూత చేసిపెట్టమన్నాను. ఆయన ఒక్కటే అడిగాడు. "నీరు లోనికెల్లకూడదా, బయటికి రాకూడదా?"

"రెండూనూ, మావా."

"అయితే పడవ బిరడాయే సేస్తాను. సుక్క కారితే నన్నడుగు."

మంచి టేకు ముక్క చెక్కి, పడవ అతుకులో కూరినట్టు చుట్టూ నూలు బిగించి, అడుగున తోలుముక్క కొట్టి ఇచ్చాడు. అది బిగిస్తే మళ్ళీ తీయడానికి రెండు చేతులూ కావాలి. పైన వెండిరంగు పూశాను. దూరం నుంచి చూస్తే పాత మూతేననిపించింది, కనీసం నాకు. ఎందుకో షావుకారు కూడా దాన్ని తుడవడం మానేశాడు, నా అదృష్టమనుకున్నాను. బంకులో దాన్ని తిప్పి లాగినప్పుడల్లా "సుయ్" మని చప్పుడు వచ్చేది. ఆహా, ఎంత బిగువుగా చేశాడు మా మావ, అని ప్రతిసారీ మురిసిపోయేవాణ్ణి.

మొదటి రోజుల్లో ఏమీ కాలేదు. దగ్గర తిరుగుళ్ళే, టాంకులో పెట్రోలు కూడా అంతంతమాత్రమే. తరువాత ఒకసారి టాంకు నింపుకుని నరసన్నపేట బయలుదేరాం. ఆరేడు మైళ్ళు వెళ్ళాక కారు దగ్గింది, ఊగింది, ఆగింది. పావుగంట కూర్చుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచి పరుగెత్తింది. మళ్ళీ ఆరేడు మైళ్ళు, మళ్ళీ అదే. అప్పటినుంచి అదే వరస. ప్లగ్గులు తుడిచాను, కార్బురేటరు కడిగాను, రేడియేటరులో నీళ్ళు మార్చాను. షావుకారు ఇంట్లోవాళ్ళు దిష్టి తీసి ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టించారు. నిమ్మకాయ నలిగింది కానీ దగ్గు పోలేదు.

శ్రీకాకుళంలో ఒక షెడ్డువాడు బానెట్టు ఎత్తి, అయిదు నిమిషాలు చూసి, "రింగులు పోయినాయి. ఇంజను దింపి మొత్తం ఇప్పాల," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా, నా వైపు చూస్తూ, "నీల్లు లేకుండా తోలేసుంటాడు," అని కూడా అన్నాడు. నేను వాడి మీదికి వెళ్ళబోయాను. షావుకారు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయన నాతో మెల్లగా అన్నాడు. "ఇంజను ఇప్పిస్తాను. లోపల నీ తప్పు కనిపిస్తే, ఇంక నువ్వు నాకాడికి రాకు."

అరిచి ఉంటే బాగుండేది. ఆయన గొంతులో కోపం లేదు, ఏదో తేల్చుకున్నవాడి నెమ్మది ఉంది. అది నన్ను భయపెట్టింది.

సరుకు ఎక్కించుకోవడానికి వచ్చిన రాయగడ లారీ డ్రైవరు ఇదంతా విని, "బావూ, ఇప్పించే ముందర గజపతినగరంలో పెట్టిమేస్త్రీ అని ఒకాయనున్నాడు, ఆయనకి ఒక్కపాలి సూపించండి," అన్నాడు. "ఆయన పనిముట్ల పెట్టి మీద కూకున్నాడంటే బయం లేదు. పెట్టి తెరిసినాడంటేనే బయం."

మర్నాడు తెల్లవారుతూనే బయలుదేరాం. ఆ ప్రయాణం పగవాడికి కూడా వద్దు. శ్రీకాకుళం చేరేలోపు రెండుసార్లు ఆగింది. విజయనగరం చేరేలోపు ఎన్నిసార్లో లెక్క మరిచిపోయాను. ఆగిన ప్రతిచోటా షావుకారు దిగి, కండువా పరుచుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఎద్దుబళ్ళు మమ్మల్ని దాటిపోయేవి. మేం మళ్ళీ వాటిని దాటేవాళ్ళం. మళ్ళీ అవి మమ్మల్ని దాటిపోయేవి. ఒక బండివాడు నాలుగోసారి దాటుతూ, "తాడు కట్టమంటావేటి?" అని అడిగాడు. ఎద్దుల చేత కూడా నవ్వించుకున్నాను ఆ రోజు.

గజపతినగరం చేరేసరికి మధ్యాహ్నమైంది. సంత వీధి చివర ఒక రేకుల పాక. అందులో ఆకుపచ్చ రంగు చెక్కపెట్టె మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి. నోట్లో వెలిగించని చుట్ట. నేను మొదట చూసింది ఆయన చేతుల్ని. పంతులుగారి చేతుల్లా శుభ్రంగా ఉన్నాయి. వీడేం మెకానిక్కురా దేవుడా అనుకున్నాను.

ఆయన లేవలేదు. ఇంజను ఆపవద్దని సైగ చేసి, కాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. అప్పుడు లేచి వచ్చి పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాడు, నాడి చూసే వైద్యుడిలా. పొగ వాసన చూశాడు. ఆయిలు కొలిచే పుల్ల తీయించి, ఆ ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. మళ్ళీ వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాడు.

"రింగులు పోయినాయని ఎవుడన్నాడు?"

షావుకారు చెప్పాడు.

"పొగలో నీలం లేదు, ఆయిలు శుబ్బరంగుంది, దమ్ము బాగుంది. గుండెకాయ రాయిలాగున్నాది. దీన్ని ఇప్పుతాడంటేటి!" అని చుట్ట ఒక దవడనుంచి రెండో దవడకు మార్చాడు. తరువాత నావైపు తిరిగాడు. "నువ్వు సెప్పు, అల్లుడూ. పొద్దున సల్లగున్నప్పుడు ఆగుతాదా, ఎండెక్కినాకా?"

"ఎప్పుడయినా ఆగుతాది, మేస్త్రీ గారూ."

"అయితే వేడి కాదు. టక్కున ఆగుతాదా, దగ్గుకుంటా ఆగుతాదా?"

"దగ్గుకుంటా."

"టక్కున పోతే కరెంటు. దగ్గుకుంటా పోతే తిండి. తిండి అందట్లేదు దీనికి." చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. "టాంకు నిండుగున్నప్పుడు బేగి ఆగుతాదా, కాళీగున్నప్పుడు బేగి ఆగుతాదా?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు. ఆగిన చోట్లన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాను. "నిండుగున్నప్పుడే," అన్నాను.

"అదీ! ఇంటినిండా బియ్యమున్నప్పుడే ఆకలితో సస్తంది." ఆయన కళ్ళు మెరిశాయి. "ఈ రోగం రాకముందర బండికి ఏటి మార్సినారు?"

షావుకారు బల్ల మీద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు.

"ఏటీ మార్సలేదు," అన్నాను.

మేస్త్రీ నన్ను ఒకసారి చూశాడు. నమ్మనట్టు చూడలేదు, నమ్మినట్టూ చూడలేదు. లేచి, "రోగం వచ్చినప్పుడు సూడాల. తగ్గినాక సూస్తే ఏటి తెలుస్తాది? పద, దాన్ని ఆపుదాం," అన్నాడు. తరువాత షావుకారుతో, "బావూ, నాను వచ్చేదాకా మీరీ పెట్టి మీద కూకోండి," అన్నాడు. నాలుగు పడవలున్న మా షావుకారు మారు మాటాడకుండా వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. పనిముట్లేవీ లేకుండా మేస్త్రీ నా పక్కన ఎక్కాడు.

రాయగడ రోడ్డు మీద పోనిచ్చాను. విజయనగరంలో టాంకు నింపాం కాబట్టి అయిదో మైలు దాటగానే నువ్వుచేల పక్కన కారు దగ్గి ఆగింది. మేస్త్రీ పెళ్ళికి వచ్చినవాడిలా సంతోషంగా దిగాడు. బానెట్టు జోలికి పోలేదు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక టాంకు మూత దగ్గర ఆగాడు. గోటితో గీకాడు. వెండిరంగు కింద టేకు కనిపించింది. రెండు చేతులతో బిరడా పట్టుకుని తిప్పి లాగాడు.

"సుయ్" మంది.

అంత పెద్ద చప్పుడు నేనెప్పుడూ వినలేదు. అయినా ఎన్నోసార్లు విన్నాను, విని మురిసిపోయాను.

"ఇప్పుడు స్టార్టు సెయ్."

పావుగంట కావాల్సిన బండి తాళం తిప్పగానే లేచింది. నేను గంతేశాను. ఆయన గంతెయ్యలేదు. "ఒక్కపాలయితే గాలివాటం," అని బిరడా మళ్ళీ బిగించి తోలమన్నాడు. అయిదారు మైళ్ళకు ఆగింది. బిరడా లాగాడు, లేచింది. ఈసారి గొట్టానికి తన తువ్వాలు వదులుగా కట్టి, వెనక్కి తిప్పించి తోలించాడు. పదకొండు మైళ్ళు వచ్చాం. గజపతినగరం పొలిమేర కనిపించినా దగ్గు లేదు. అప్పటికి గానీ ఆయన చుట్ట వెలిగించుకోలేదు. అదీ కారు ఆపించి, దిగి, దూరంగా వెళ్ళి వెలిగించుకున్నాడు. నేనూ వెంట వెళ్ళాను.

"కొబ్బరికాయకి ఒక్క కన్నం పెట్టి వొంపి సూడు. రెండు సుక్కలు పడి ఆగిపోతాది. రెండో కన్నం పెడితే దారగొస్తాది. పెట్రోలు బయటికెల్లాలంటే గాలి లోనికి రావాల గదా. పాత మూతకి సన్నటి కన్నం ఉండుంటాది, మీరు సూసుండరు. దీనికి లేదు." బిరడాను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. వేలితో నూలు చుట్టు తడిమాడు. "ఎవుడు సేసినాడో గానీ, దండం పెట్టాల. ఇంత బిగువు పని నాను సూడలేదు. సముద్రానికి సేసినాడు, టాంకుకి కాదు. ఆడి పనితనమే దీని రోగం."

నేను రోడ్డు మీదే చతికిలబడ్డాను. బస్సు డ్రైవరుతో తగువు దగ్గర్నుంచి వెండిరంగు దాకా అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆఖరికి, "మా షావుకారుతో పైపులో నలుసు అడ్డం పడిందని సెప్పండి, మేస్త్రీ గారూ. మీకు దండం పెడతాను," అన్నాను.

ఆయన పొగ వదిలాడు. "ఇంజను రోగం ఏటో నాను సెప్తాను. ఈ బిరడా కత నువ్వు సెప్పుకో. అది నా పెట్లో లేదు, అల్లుడూ," అన్నాడు. తిట్టలేదు. నన్ను లేవమని చెయ్యి అందించాడు.

పాక దగ్గర షావుకారు ఇంకా పెట్టె మీదే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, "ఇంజను ఇప్పాలా?" అని అడిగాడు.

"ఇప్పక్కర్లేదు. ఇప్పుంటే పాపం తగిలేది. ఇంజనుకి పెట్రోలు అందట్లేదు, అంతే."

"ఎందుకందట్లేదు?"

మేస్త్రీ సమాధానం చెప్పలేదు. మెల్లగా వెళ్ళి తన పెట్టె మీద కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. ఇంజను శబ్దం విన్నప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే. అబద్ధం చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చాడు. నిజం చెప్పడానికి కూడా అంతే ఇచ్చాడు. ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మూసిన కళ్ళే. బిరడా నా చేతిలో ఉంది. దాన్ని షావుకారు ముందు పెట్టాను.

"మూత నాను పోగొట్టేసినాను బాబూ. సెప్పడానికి బయమేసి ఇది సేయించాను. బండి దీనివల్లే ఆగిపోతంది. తప్పంతా నాదే."

షావుకారు బిరడాను తీసుకోలేదు. "మూత పోయిందని నాకెప్పుడో తెలుసురా," అన్నాడు. "ఆ వడ్రంగి నా పడవల కాడ పని సేసేవోడే గదా. 'బావూ, మీ కారుకి సుక్క కారని బిరడా సేసినాను' అని ఆ సాయంత్రమే వచ్చి సెప్పినాడు. ఊరందరికీ సెప్పుకున్నాడు. నీకొక్కడికే తెల్దు మాకు తెలుసని."

నేను తల ఎత్తలేకపోయాను.

"మూతదేటుందిరా, పడవలే సముద్రానికి ఒగ్గేసినోణ్ణి. నువ్వొచ్చి సెప్తావని సూసినాను. నెల దాటినాది, సెప్పలేదు. ఇంత సిన్నది దాసినోడు ఇంకేటేటి దాస్తన్నాడో, నీల్లు లేకుండా తోలేసి అదీ దాస్తన్నాడేమో అనుకున్నాను. అందుకే ఇప్పించేద్దావనుకున్నాను. ఇయ్యాల కూడా నోరిప్పకపోతే నిన్ను ఇటునుంచిటే మీ ఊరి బస్సెక్కించేద్దును."

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. ఏమీ విననట్టు లేచి, పక్క వడ్రంగి కొట్లోంచి బరమా అడిగి తెచ్చి, దుమ్ము పడకుండా బిరడాలో ఏటవాలుగా సన్నటి కన్నం తొలిచాడు. నోటితో ఊది చూసి నా చేతిలో పెట్టాడు. ఆయన పెట్టెలో ఏముందో నేను ఆ రోజూ చూడలేదు, తరువాత చూసే అవకాశమూ రాలేదు. ఆ పెట్టె తెరవకుండానే ఆయన ఒక ఇంజనును, ఒక డ్రైవరును కాపాడాడు. అంతటివాణ్ణి మళ్ళీ చూడలేదు.

ఆ రాత్రి సంతలో తెలిసిన వ్యాపారి ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. విజయనగరం దాటాం. శ్రీకాకుళం దాటాం. దారిలో ఒక్కచోటా ఆగలేదు, దగ్గలేదు. నన్ను ఉంచుతాడో పంపుతాడో మాత్రం షావుకారు ఇంకా చెప్పలేదు.

కళింగపట్నంలో ఇంటిముందు ఆపాను. ఆయన దిగి, కారు వెనక్కి వెళ్ళి, రెండు చేతులతో ఆ చెక్కబిరడాను తిప్పి లాగాడు. చప్పుడేమీ రాలేదు. మళ్ళీ బిగించాడు. భుజం మీది కండువా కొస తీసి, రంగు ఊడిపోయిన ఆ టేకుముక్కను జాగ్రత్తగా తుడిచాడు.

"పొద్దున ఆరింటికి రా," అన్నాడు. "నౌపడ ఎల్లాల. ఉప్పు బేరం మాటాడాల."